దొరికిన ఫొటోలోంచి అరచేతి బొమ్మ

2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ తుఫాను ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి బరంపురంలో మా వీధి గుర్తుపట్టలేనట్టుంది. ఎండ మొహం చూశాక ప్రతి ఇంటి అరుగు మీదా తడిసిన పరుపులు, పుస్తకాలు, పట్టుచీరలు ఆరేశారు. వీధి చివర చెత్తకుప్ప మీద ఒక ఫొటో ఆల్బం పడుంది. నల్ల అట్ట పేజీలు, మూలల్లో అంటించిన త్రికోణాలు, పేజీకీ పేజీకీ మధ్య పల్చటి బటర్ పేపరు. సగం ఫొటోలు కరిగి జిగురైపోయాయి. బాగున్నవాటిలో ఒకటి ఠాకురాణి యాత్ర, అంటే మా ఊరి అమ్మవారి జాతర, వేషంలో ఉన్న పిల్లాడిది. ఒంటినిండా పులి చారలు, చేతిలో చిన్న కర్ర, ముఖం మాత్రం ఏడుపు అంచున ఉంది. ఇరుగుపొరుగు అందరినీ అడిగాను. మాదని ఎవరూ అనలేదు. పక్కింటి ఒడియా మావుసి, అంటే పిన్ని, మాత్రం "ఛబిని (ఫొటోని) చెత్తలో వదలకూడదు, తీసుకుపో" అంది. తెచ్చుకున్నాను.

ఆ పిల్లాడితో మొదలుపెట్టి ఇప్పటికి అరవై దాకా బొమ్మలు వేశాను. అన్నీ మూడంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు. రంగు, కాగితం ముక్క, దారం, పెన్సిలు, అన్నీ అట్టలాంటి ఒకే చిన్న పట్టి మీద కలుస్తాయి. అలాంటిది ఒకటి మొదటినుంచి చివరిదాకా ఎలా వెయ్యాలో ఇక్కడ చెబుతాను. రోజుకు గంట కూర్చుంటే ఒక వారం పని. పట్టి కూడా ఇంట్లోనే చేసుకుంటానంటే ఇంకో వారం కలుపుకోండి.

ఫొటో ఎక్కడ దొరుకుతుంది, ఏది పనికొస్తుంది

పాత సామాన్ల కొట్లు, చిత్తు కాగితాలు కొనేవాళ్ళు, మూతపడుతున్న ఫొటో స్టూడియోలు, ఇల్లు మారేవాళ్ళు బయట పడేసే ట్రంకుపెట్టెలు. ముందు మీ ఇంట్లోనే వెతకండి. ప్రతి ఇంట్లోనూ "వీళ్ళెవరో నాకూ తెలీదు, మీ తాతయ్యకి తెలుసు" అనే ఫొటోలు నాలుగైనా ఉంటాయి.

ఫొటో ఎంచుకునేటప్పుడు నేను ముందు వెలుగు చూస్తాను. అందం తర్వాత సంగతి. పాత స్టూడియోల్లో వెలుగు ఎక్కువగా ఒక పక్క కిటికీలోంచో, పైకప్పు అద్దంలోంచో వచ్చేది. అందుకే ముక్కుకి ఒక పక్క నీడ, రెండో పక్క వెలుగు స్పష్టంగా ఉంటాయి. మనకి కావలసింది అదే. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫొటోలో ముఖం పళ్ళెంలా చదునుగా ఉంటుంది. దాన్ని చిన్న సైజులో వేస్తే పోలిక రావడం చాలా కష్టం.

పెళ్ళి గ్రూపు ఫొటోలంటే నాకు ప్రత్యేకంగా ఇష్టం. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు కోసం కాదు. వెనక వరసలో, అంచున, సగం తెగిపోయి నిలబడ్డవాళ్ళ కోసం. వాళ్ళు ఫొటోకి సిద్ధపడి ఉండరు. ముఖాలు బిగుసుకుపోయి ఉండవు. కాకపోతే అసలు ఫొటోలో ముఖం కనీసం బొటనవేలి గోరంత ఉండాలి. అంతకన్నా చిన్నదైతే ఎంత పెంచినా మసక తప్ప కళ్ళు దొరకవు.

తడిసిన ఫొటోలు దొరికితే ఒక జాగ్రత్త. నలుపు తెలుపు ఫొటోల్లో బొమ్మ ఉండేది కాగితం పైనున్న జెలటిన్ పొరలో. తడిస్తే ఆ పొర ఉబ్బి పక్క ఫొటోకి అంటుకుంటుంది. అలాగే ఎండితే ఇక విడదీయలేం. తడి ఉండగానే చల్లటి మంచినీళ్ళ పళ్ళెంలో ముంచి, వాటంతట అవి వదులయ్యేదాకా ఆగి, బొమ్మ వైపు పైకి పెట్టి నీడన ఆరబెట్టాలి. గుడ్డతో తుడవొద్దు. ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫొటోని లాగనే లాగొద్దు. అద్దంతోపాటే స్కాన్ చెయ్యండి.

తర్వాత ఫొటో వెనక్కి తిప్పండి. స్టూడియో ముద్ర, తారీకు, పెన్సిలు రాత, పేరు, ఊరు, ఏముంటే అది. మా వైపు వెనక రాత ఒకదాని మీద తెలుగులో, ఇంకోదాని మీద ఒడియాలో, మరోదాని మీద ఇంగ్లీషులో ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ఆ కలగలుపు ఫొటోల వెనక ఇప్పటికీ కనిపిస్తుంది. పేరో అడ్రసో ఉంటే ముందు వాళ్ళని వెతకండి. బొమ్మ తర్వాత. నేను అలా ఐదు ఫొటోలు తిరిగిచ్చాను. ఇచ్చేముందు స్కాన్ తీసుకుంటానని అడిగితే ఒక్కరూ వద్దనలేదు.

చట్టం సంగతి ఒక మాట. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్ళదే, స్టూడియోది కాదు. ఫొటో అలాగే ప్రింటు వేసి అమ్మడం వేరు, దాన్ని చూసి మీరు బొమ్మ వెయ్యడం వేరు. అమ్మే ఉద్దేశం ఉంటే మాత్రం ఎవరిదో తెలియని ఫొటోని ముక్కగా కత్తిరించి అంటించకండి.

అసలు ఫొటో మీద చెయ్యి వెయ్యకండి

కత్తిరించడం, అంటించడం, గీయడం, ఏదైనా కాపీ మీదే. స్కానర్ ఉంటే 600 డీపీఐలో తీయండి. చిన్న పాస్‌పోర్ట్ సైజు ఫొటో అయితే 1200. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఫొటోని బల్ల మీద పెట్టి ఫోన్‌ని సరిగ్గా పైనుంచి పట్టుకుని తీయండి. కొంచెం వంకరగా తీసినా దవడ ఒక పక్కకి సాగుతుంది.

కాపీలో ముఖం గడ్డం నుంచి తలపైదాకా అంగుళంన్నర వచ్చేలా పెంచి, నలుపు తెలుపులో రెండు ప్రింట్లు తీయించండి. లేజర్ ప్రింటు లేదా జిరాక్స్ కావాలి. ఇంటి ఇంక్‌జెట్ ప్రింటర్ల రంగు చాలావాటిలో నీళ్ళు తగలగానే కారిపోతుంది. లేజర్‌లో ఉండేది టోనర్ పొడి. అది కాగితానికి కరిగి అంటుకుంటుంది కాబట్టి నీళ్ళకి చెదరదు. రెండు ప్రింట్లలో ఒకటి అద్దంలో కనిపించినట్టు తిప్పి తీయించండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఈ దశలోనే ఇంకోటి చూసుకోండి. ఫొటోయే తిరగేసి ప్రింటయి ఉండొచ్చు. నెగెటివ్‌ని వెనక్కి పెడితే అలా అవుతుంది. మగవాళ్ళ చొక్కా జేబు మామూలుగా ఎడమ వైపు ఉంటుంది. మన వైపు ఆడవాళ్ళ పైట ఎక్కువగా ఎడమ భుజం మీద ఉంటుంది. అవి ఆ మనిషికి కుడి వైపు ఉన్నట్టు కనిపిస్తే అనుమానించాల్సిందే.

పట్టి తయారీ

తొందరగా కావాలంటే 300 జీఎస్ఎం వాటర్ కలర్ కాగితం గానీ మౌంట్ బోర్డు గానీ మూడు బై నాలుగు అంగుళాలకి కోసి, గెస్సో అనే తెల్లటి అడుగు రంగు రెండు పూతలు వేసి, సన్నటి గరుకు కాగితంతో రుద్దితే చాలు. పూతకీ పూతకీ మధ్య పూర్తిగా ఆరనివ్వండి. రెండో పూత మొదటిదానికి అడ్డంగా వెయ్యండి.

నాకు మాత్రం పాత పద్ధతే ఇష్టం. మా జిల్లా పేరు గంజాం, మా దగ్గర ఆడే పాత గుండ్రటి చీట్లపేక పేరు గంజప్ప. ఆ చీట్లకీ, ఒడియా పట్టచిత్రాలకీ వాడే పట్టి ఒకటే: పాత నూలు గుడ్డ, చింతపిక్కల బంక, సుద్ద. అరచేతిలో పట్టే బొమ్మకి ఇంతకన్నా మంచి నేల నాకు దొరకలేదు. గట్టిగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, రంగుని కొంచెం పీల్చుకుని కొంచెం నిలబెడుతుంది. చెయ్యడం ఇలా.

వంద గ్రాముల చింతపిక్కలు మూడు రోజులు నానబెట్టండి. నీళ్ళు రోజూ మార్చండి, లేకపోతే ఇల్లంతా వాసన. పొట్టు వలిచి, మెత్తగా రుబ్బి, నీళ్ళు కలిపి సన్నటి సెగ మీద కలుపుతూ ఉడికించండి. ఇడ్లీ పిండి కన్నా పల్చగా, గంజి కన్నా చిక్కగా వచ్చాక దింపి వడకట్టండి. మా సముద్రపు గాలికి ఈ బంక రెండు రోజుల్లో బూజు పడుతుంది. పుస్తకాలు బైండు చేసేవాళ్ళు జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తారు. నేనూ వేస్తాను. అది విషం, గుర్తుంచుకోండి. ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు. పిల్లలున్న ఇంట్లో తుత్తం మానేసి, ఏ పూటకాపూట బంక కాచుకోవడమే మంచిది.

పాత పంచె గానీ చీర గానీ, బాగా ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డ తీసుకోండి. కొత్త గుడ్డ గంజి వల్ల బంక పట్టదు. రెండు పొరలు బంకతో అతికించి, గాలి బుడగలు లేకుండా అరచేత్తో నొక్కి, నీడన ఆరనివ్వండి. తర్వాత మెత్తటి సుద్దపొడిని అదే బంకలో కలిపి రెండు వైపులా పూయండి. ఒక్క వైపే పూస్తే అప్పడంలా వంగిపోతుంది. రెండు మూడు పూతలు అయ్యాక ముందు గరుకు రాయితో, తర్వాత నున్నటి గులకరాయితో రుద్దండి. పట్టచిత్రకారులు చేసేదీ ఇదే. నున్నగా, దంతంలా మెరుస్తున్నప్పుడు ఆపి, అప్పుడు ముక్కలుగా కొయ్యండి.

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దు. ఈ నేల నీళ్ళకి కరుగుతుంది. నా మొదటి పట్టి మీద తడి గుడ్డతో రుద్దేసరికి సుద్దంతా పేస్టులా లేచొచ్చింది, కింద మా అమ్మ చీర పూలు కనిపించాయి. మిక్స్‌డ్ మీడియా, అంటే రంగు, కాగితం, దారం కలిపే పని చెయ్యాలంటే పట్టి మీద ఒక పల్చటి పూత మ్యాట్ అక్రిలిక్ మీడియం, అంటే రంగూ మెరుపూ లేని అక్రిలిక్ జిగురు, వేసి రాత్రంతా ఆరనివ్వండి. సంప్రదాయ పట్టచిత్రానికి ఈ పూత అక్కర్లేదు. మనకి కావాలి.

గీత

ఇంత చిన్న బొమ్మలో వెంట్రుకవాసి తేడా కూడా ముఖాన్ని మార్చేస్తుంది. కాబట్టి ట్రేస్ చెయ్యడానికి సిగ్గుపడకండి. తిప్పని ప్రింటు వెనక మెత్తటి పెన్సిలు పులిమి, పట్టి మీద పెట్టి, గట్టి పెన్సిలుతో ముఖ్యమైన చోట్లు మాత్రమే నొక్కండి. తల అంచు, కళ్ళ లోపలి, బయటి మూలలు, ముక్కు కింది గీత, పెదవుల మధ్య గీత, గడ్డం, చెవి పైభాగం. పది పన్నెండు గుర్తులు చాలు. మొత్తం ముఖం ట్రేస్ చేస్తే తీగ చుట్టిన బొమ్మలా తయారవుతుంది.

కాగితం తీశాక కొలతలు సరిచూసుకోండి. ముఖం నేరుగా ఉంటే కళ్ళు తల ఎత్తులో సరిగ్గా సగానికి వస్తాయి. కొత్తవాళ్ళందరూ కళ్ళు పైకి పెడతారు, ఎందుకంటే నుదురూ జుట్టూ మనం గమనించం. రెండు కళ్ళ మధ్య దూరం ఇంచుమించు ఒక కన్నంత. కనుబొమల నుంచి గడ్డం దాకా ఉన్న దూరంలో సగానికి ముక్కు కింది అంచు వస్తుంది. ఇవి సగటు లెక్కలే. మీ మనిషి ఇందులో ఎక్కడ తప్పుతున్నాడో అక్కడే అతని పోలిక ఉంది. పొడుగు పైపెదవి, ముందుకొచ్చిన చెవులు, ఒక కన్ను కిందికి. ఆ తప్పుల్ని సర్దకండి.

పాత స్టూడియో ఫొటోల్లో ఒక మోసం ఉంది. నెగెటివ్ మీదే పెన్సిలుతో ముడతలు, మచ్చలు చెరిపేసేవారు. కనుబొమలు, మీసాలు ప్రింటు మీద దిద్దేవారు. చర్మం ఎక్కడైనా గుడ్డులా నున్నగా ఉందంటే అది రీటచింగ్ పని. అలాంటిచోట చిన్న నీడని గట్టిగా వేస్తే ముఖానికి మళ్ళీ ఎముక వస్తుంది.

మూడు ఛాయలు

రంగు జోలికి ఇప్పుడే పోవద్దు. బూడిద రంగులో మూడు గిన్నెలు కలపండి: ముదురు, మధ్య, లేత. తెల్ల పట్టి మీద మొత్తం ముఖానికి మధ్య ఛాయ పల్చగా పూసేయండి. ఆరాక, ఫొటోని కళ్ళు సగం మూసి చూడండి. వివరాలు పోయి నాలుగైదు నల్ల మచ్చలు మిగులుతాయి. జుట్టు, కళ్ళ గుంటలు, ముక్కు కింద, పెదవుల మధ్య, గడ్డం కింద. ఆ మచ్చల్ని ముదురు ఛాయతో వెయ్యండి. కళ్ళు గీయకండి, కళ్ళ గుంటలు వెయ్యండి. తర్వాత నుదురు, ముక్కు వెన్ను, వెలుగు పడే బుగ్గ, కింది పెదవి మీద లేత ఛాయ.

ఇక్కడికి ఆగి బొమ్మని గది అవతలి గోడకి ఆనించి దూరం నుంచి చూడండి. లేదా తలకిందులుగా పెట్టండి. ఫోన్‌తో ఫొటో తీసి చూసినా తప్పులు టక్కున దొరుకుతాయి. ఈ దశలో మనిషి కనిపించకపోతే తర్వాత ఎన్ని రంగులు వేసినా కనిపించడు. నేను ఇప్పటికీ మూడింట ఒకటి ఇక్కడే చెరిపేసి మళ్ళీ మొదలుపెడతాను. తడి గుడ్డతో తుడిస్తే పోయేలా, ఆరేలోపే తుడవాలి. అక్రిలిక్ ఒకసారి ఆరిందంటే నీళ్ళకి కదలదు.

ఫొటోని దాచేయండి, కానీ

మూడు ఛాయలు కుదిరాక నేను ఫొటోని డ్రాయరులో పెట్టేస్తాను. ఎదురుగా ఉంటే చెయ్యి కాపీ కొడుతూనే ఉంటుంది. బొమ్మ జిరాక్స్‌లా బిగుసుకుపోతుంది. ఇక్కడినుంచి బొమ్మకి ఏం కావాలో బొమ్మనే అడగాలి.

అయితే ఈ స్వేచ్ఛకి ఒక హద్దు ఉంది. అది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. కొన్నేళ్ళ కింద ఒక చిన్న ప్రదర్శనలో పన్నెండు బొమ్మలు పెట్టాను. అందులో ఒక నడివయసు ఆవిడ బొమ్మ ఉంది. నుదురు బోసిగా ఉంది. మొత్తం బొమ్మ గోధుమ, బూడిద రంగుల్లో ఉండిపోయిందని, ఒక ఎర్ర చుక్క పడితే కంటికి ఆసరాగా ఉంటుందని, బొట్టు పెట్టేశాను. నిజంగానే బొమ్మ వెలిగింది. సాయంత్రం ఒకాయన ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నన్ను పిలిచి, "అండీ, ఈవిడ మా నాయనమ్మలా ఉంది. మా దగ్గర ఇదే ఫొటో ఉంది" అన్నాడు. నేను సంబరపడ్డాను. ఆయన నెమ్మదిగా, "ఆవిడకి ఇరవై రెండో ఏట తాతగారు పోయారు. నేను పుట్టాక ఆవిడ నుదుట బొట్టు చూడలేదు" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అదే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. బొట్టు చెరిపేసి ఇస్తానన్నాను. "వద్దులెండి, ఉండనివ్వండి" అని బొమ్మ తీసుకెళ్ళాడు. ఎందుకు వద్దన్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అప్పటినుంచి నా పద్ధతి ఇది: వెనక గోడ నా ఇష్టం, బట్ట నా ఇష్టం, కాగితాలు, దారాలు నా ఇష్టం. ముఖం మీద మాత్రం ఫొటోలో లేనిది పెట్టను. బొట్టు, తాళి, జంధ్యం, మెట్టెలు, నామం, తలపాగా, ఇవి మనకి రంగులు, వాళ్ళకి జీవితాలు. కనిపించకపోతే ఖాళీగానే వదిలేస్తాను.

బట్ట రంగు గురించి ఒక తమాషా చెప్పాలి. పాత గాజు నెగెటివ్ ప్లేట్లు, ఆర్థోక్రొమాటిక్ ఫిల్ములు ఎరుపు వెలుగుని పట్టుకోలేవు. అందుకే వాటిలో ఎరుపు దాదాపు నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. కుంకుమ బొట్టు కాటుక చుక్కలా కనిపించడానికి కారణం అదే. చర్మం కూడా అసలు కన్నా ముదురుగా వస్తుంది. అన్ని రంగుల్నీ పట్టే పాంక్రొమాటిక్ ఫిల్ము వాడకం పెరిగాక ఈ తేడా తగ్గింది. కాబట్టి బాగా పాత ఫొటోలో ఆవిడ కట్టుకున్నది నల్లచీర అని నిర్ణయించేయకండి. అది మంచి ఎర్ర పట్టుచీర కావచ్చు. 1970లు, 80ల కలర్ ఫొటోల్లో ఇంకో రకం మాయ. వాటిలో నీలం వైపు రంగు ముందు వెలిసిపోయి అంతా ఎర్రబారుతుంది. అందులో కనిపించే రంగునీ నమ్మొద్దు.

రంగు

ముఖానికి ఐదు అక్రిలిక్ ట్యూబులు చాలు: బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, అల్ట్రామరీన్ బ్లూ, క్రిమ్సన్, టైటానియం వైట్. నల్ల ట్యూబు కొనకండి. సియెన్నాలో అల్ట్రామరీన్ కలిపితే వచ్చే ముదురు రంగు మన జుట్టుకీ నీడలకీ నలుపు కన్నా బాగా నప్పుతుంది. "స్కిన్ కలర్" అని రాసి అమ్మే గులాబీ రంగు ట్యూబు మన ఊళ్ళో ఎవరి చర్మానికీ సరిపోదు.

బూడిద ఛాయల మీద రంగుని నీళ్ళలా పల్చగా పొరలు పొరలుగా వెయ్యండి. కింది ఛాయ కనిపిస్తూనే ఉండాలి. చామనఛాయ చర్మంలో వెలుగు పడేచోట తెలుపు కలిపితే విభూతి పూసినట్టు పాలిపోతుంది. ఓకర్ ఎక్కువ, తెలుపు రవ్వంత. నుదుటి మీద మెరుపు ఉంటే అందులో చుక్క నీలం. చెవులు, ముక్కు కొన, వేలి కణుపులకి కొంచెం క్రిమ్సన్.

పట్టచిత్రం పాత రంగులు వాడాలని కొందరికి ఉబలాటం ఉంటుంది. శంఖం పొడి తెలుపు, దీపం మసి నలుపు హాయిగా వాడండి, వెలగబంక కలిపి. ఇంగిలీకం, హరిదళం మాత్రం వద్దు. మొదటిదాంట్లో పాదరసం, రెండోదాంట్లో ఆర్సెనిక్ ఉన్నాయి. ఇంట్లో కూర్చుని నూరుకునే వస్తువులు కావవి.

కళ్ళు చివరికి ఉంచండి. ఇంత చిన్న సైజులో పైరెప్ప గీత ముదురుగా, కింది రెప్ప అసలు గీయకుండా వదిలేస్తే చాలు. కంటి తెలుపు తెల్లగా ఉండదు, లేత బూడిదగా ఉంటుంది. మెరుపు చుక్క సూది మొనతో, రెండు కళ్ళకీ ఒకే వైపు, ఒకే ఒక్కసారి పెట్టండి. కళ్ళద్దాలుంటే పై అంచు మాత్రం గీయండి. కింది అంచుని చూసేవాళ్ళే పూర్తి చేసుకుంటారు.

అతికింపులు

బొమ్మ మా ఊరి వాసన పట్టేది ఇక్కడే. బరంపురం పట్టుకి 2012లో జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సొంత సరుకన్న అధికారిక ముద్ర, వచ్చింది. దాని అంచున గుడి గోపురాల్లా వరసగా నిలిచే కుంభాల్ని ఇక్కడ ఫొడా కుంభ అంటారు. మగ్గాలు నేసేవాళ్ళ ఇళ్ళలో తెగిన పట్టు పోగులు ఊరికే ఇస్తారు, అడగాలంతే. చీర భుజాన్ని రంగుతో వెయ్యకుండా ఆ పోగుల్ని మీడియంలో ముంచి, పట్టకారుతో ఒక్కొక్కటీ పక్కపక్కన పరిస్తే బట్ట మడత దానంతట అదే వస్తుంది. పోగుల్ని మడత వాలుకి పరచాలి. అడ్డంగా పరిస్తే చాపలా ఉంటుంది. జరీ వాడితే ఒక సంగతి: ఇమిటేషన్ జరీ లోపల రాగి ఉంటుంది. మా తేమకి ఏడాదిలో నల్లబడుతుంది. పైన వార్నిష్ పూత తప్పదు, లేదా ఆ నలుపే బాగుందనుకోండి. నేను అలాగే అనుకుంటున్నాను.

వెనక గోడకి కాగితాలు. పాత రసీదులు, భూమి పత్రాలు, పంచాంగం పేజీలు, పెళ్ళి పత్రికలు. వీటికి కూడా కలర్ జిరాక్స్ తీసుకునే వాడండి, అసలువి దాచండి. న్యూస్‌పేపరు అంటించొద్దు. అందులోని లిగ్నిన్ వల్ల అది పసుపెక్కి పెళుసైపోతుంది. అక్షరాలు పూర్తిగా చదవగలిగేలా పెట్టకండి. చూసేవాళ్ళు ముఖం వదిలేసి చదవడం మొదలుపెడతారు. కాగితం పెట్టేముందు పట్టికీ కాగితానికీ రెంటికీ మీడియం రాసి, మధ్యనుంచి అంచులకి వేలితో నొక్కుకుంటూ వెళ్ళండి.

అద్దంలోలా తిప్పి తీయించిన ప్రింటు ఇప్పుడు పనికొస్తుంది. చొక్కా, కుర్చీ, స్టూడియో వాళ్ళు వెనక వేలాడదీసే తోట బొమ్మ పరదా, వీటిని టోనర్ ట్రాన్స్‌ఫర్‌తో దించుకోవచ్చు. కావలసిన ముక్క కత్తిరించి, పట్టి మీద ఆ చోట అక్రిలిక్ జెల్ మీడియం సమంగా పూసి, ప్రింటు వైపు కిందికి బోర్లించి నొక్కండి. రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు వెనక కాగితాన్ని తడిపి వేలికొసతో గుండ్రంగా రుద్దితే కాగితం పిండిలా ఊడొస్తుంది, టోనర్ బొమ్మ కింద ఉండిపోతుంది. ఆరాక తెల్లటి పొర కనిపిస్తే మళ్ళీ తడిపి మళ్ళీ రుద్దండి. అక్కడక్కడ చిరిగి ఊడిపోతుంది. ఆ చిరుగులే అందం. ముఖానికి మాత్రం ఈ పద్ధతి వాడకండి. ముక్కు ఊడిపోయిన మనిషి ఎవరికీ నచ్చడు.

వరస మర్చిపోవద్దు: ముందు అక్రిలిక్, అతికింపులు, ఆరాక కలర్ పెన్సిళ్ళు, అన్నిటికన్నా చివర ఆయిల్ పాస్టెల్. జిడ్డు మీద నీటి రంగు నిలవదు. మీడియం పూసిన నున్నటి చోట వాటర్ కలర్ కూడా తామరాకు మీద నీళ్ళలా జారిపోతుంది. అక్కడ రంగు కావాలంటే అక్రిలిక్కే.

ఎప్పుడు ఆపాలి అంటే, ఇంకో దారం పెడితే బాగుంటుందేమో అని రెండోసారి అనిపించినప్పుడు.

పూత, అద్దం, వెనక రాత

మూడు రోజులు ఆరాక మ్యాట్ వార్నిష్ రెండు పల్చటి పూతలు. వానాకాలంలో వెయ్యకండి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు వార్నిష్ వేస్తే పాలలా తెల్లబారుతుంది. ఆయిల్ పాస్టెల్ వాడి ఉంటే కుంచెతో కాకుండా స్ప్రే వార్నిష్ వాడండి, మేడ మీద, గాలి తగిలే చోట.

ఫ్రేములో అద్దం బొమ్మకి తగలకూడదు. పావు అంగుళం ఎడం ఉండేలా మౌంట్ వేయించండి. తగిలితే నాలుగు వానలకి బొమ్మ అద్దానికి అంటుకుంటుంది. పాత ఫొటోలకి జరిగింది అదే. బయటి గోడకి, బాత్‌రూమ్ గోడకి తగిలించొద్దు. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు చిన్న బెండు ముక్కలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది, బూజు పట్టదు.

వెనక పెన్సిలుతో రాస్తాను. బాల్‌పెన్ సిరా తేమకి ఇంకి ముందుకొస్తుంది. ఫొటో ఎక్కడ దొరికింది, ఏ తారీకున, వెనక ఏం రాసి ఉంది, ఏ ఏ వస్తువులు వాడాను, అసలు ఫొటో నా దగ్గర ఏ నంబరు కవరులో ఉంది. పేరు అనే చోట గీత గీసి ఖాళీ వదులుతాను. పులి వేషం పిల్లాడి బొమ్మ వెనక ఆ గీత పన్నెండేళ్ళుగా అలాగే ఉంది. ఠాకురాణి యాత్ర వచ్చినప్పుడల్లా ఆ ఫొటో కాపీ ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళి, వేషాలు కట్టే ముసలివాళ్ళకి చూపిస్తున్నాను. కిందటిసారి ఒకాయన చారలు చూసి, "ఈ చెయ్యి మా అన్నది, చారని ఇలా కిందికి వంచేది మా అన్నే" అన్నాడు. పిల్లాడెవరో ఆయనకీ తెలీదు. చారలు వేసినాయన పేరు మాత్రం బొమ్మ వెనక రాసుకున్నాను.